పైథాన్ ప్రోగ్రాంలో ఇద్దరు రైతులకీ ఒకే బిల్లు వస్తోంది. క్లాస్‌లో రాసిన ఫంక్షన్ అసలు ఎవరి లెక్క చూస్తోంది?

ప్రశ్న: పాలకేంద్రం లెక్కలు

అందరికీ నమస్కారం. నేను బీకాం చదివాను. మా ఊళ్ళో పాలకేంద్రం నాన్న చూసుకుంటారు, లెక్కలు నేను రాస్తాను. పొద్దున ఐదున్నరకి ఒక పూట, సాయంత్రం ఐదున్నరకి ఒక పూట. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ ఎంత పడింది అని పుస్తకంలో రాస్తాను. పది రోజులకొకసారి బిల్లు ఇవ్వాలి. పదో రోజు రాత్రి కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చుంటే పన్నెండు దాటిపోతుంది. ఆ బాధ పడలేకే మూడు నెలల నుంచి రాత్రిపూట పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను.

మామూలు ఫంక్షన్లు బాగానే అర్థమయ్యాయి. లీటర్లు, ఫ్యాట్ ఇస్తే డబ్బు లెక్కగట్టి ఇచ్చే ఫంక్షన్ నేనే రాసుకున్నాను. డేటానీ, దానితో పనిచేసే ఫంక్షన్లనీ ఒకచోట కట్టే క్లాస్ దగ్గరకి వచ్చేసరికి తల తిరిగిపోతోంది. కోడ్ ఇక్కడ చదవడానికి వీలుగా మొత్తం తెలుగు అక్షరాల్లోనే పెడుతున్నాను. కంప్యూటర్లో కీవర్డ్‌లు (పైథాన్ సొంత మాటలు) మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి.

మొదట ఇలా రాశాను:

క్లాస్ రైతు:
    పద్దులు = []
    మొత్తం = 0
    డెఫ్ జమ(లీటర్లు, ఫ్యాట్):
        ...

రైతు14 = రైతు()
రైతు14.జమ(5, 7.0)

దీనికి వచ్చిన ఎర్రర్ ఏమిటంటే, ఈ ఫంక్షన్ రెండు ఆర్గ్యుమెంట్లు (బ్రాకెట్లలో ఇచ్చే విలువలు) తీసుకుంటుంది, మీరు మూడు ఇచ్చారు అని. నేను ఇచ్చింది రెండే. బ్రాకెట్లు విప్పి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. 5 ఒకటి, 7.0 ఒకటి. మూడోది ఎవరు ఇచ్చారు?

వెతికితే, మొదట సెల్ఫ్ అని పెట్టమన్నారు. పెట్టాను, ఎర్రర్ పోయింది. ఎందుకు పోయిందో మాత్రం తెలియలేదు. ఇప్పుడు ఇలా ఉంది:

క్లాస్ రైతు:
    పద్దులు = []
    మొత్తం = 0
    డెఫ్ జమ(సెల్ఫ్, లీటర్లు, ఫ్యాట్):
        సెల్ఫ్.పద్దులు.అపెండ్((లీటర్లు, ఫ్యాట్))
        సెల్ఫ్.మొత్తం = సెల్ఫ్.మొత్తం + లీటర్లు
    డెఫ్ బిల్లు(సెల్ఫ్):
        డబ్బు = 0
        ఫర్ లీటర్లు, ఫ్యాట్ ఇన్ సెల్ఫ్.పద్దులు:
            డబ్బు = డబ్బు + లీటర్లు * ఫ్యాట్ * 8
        రిటర్న్ డబ్బు

లీటరుకి ఒక్కో ఫ్యాట్ పాయింటుకి 8 రూపాయలు అని పెట్టుకున్నాను. 14వ నంబరు పుస్తకం వాళ్ళు 5 లీటర్లు, ఫ్యాట్ 7.0. అంటే 280 రావాలి. 27వ నంబరు పెద్దమ్మ 2 లీటర్లు, ఫ్యాట్ 6.5. అంటే 104 రావాలి. కానీ ఇద్దరికీ 384 వచ్చింది.

విచిత్రం ఏమిటంటే, లీటర్ల మొత్తం సరిగ్గానే చూపిస్తోంది. 14కి 5, 27కి 2. డబ్బు ఒక్కటే కలిసిపోతోంది. ఒకే క్లాస్‌లో, ఒకే ఫంక్షన్‌లో, పక్కపక్క లైన్లలో ఒకటి సరిగ్గా, ఒకటి తప్పుగా ఎలా పనిచేస్తాయి?

నేను తొందరపడి ఆ కాగితం ప్రింటు తీసి పెద్దమ్మ చేతిలో పెట్టాను కూడా. ఆవిడ చూసుకుని, "అంత రాదమ్మా, నేను పోసింది రెండు లీటర్లేగా" అని తిరిగి ఇచ్చేశారు. చదువురాని ఆవిడ నోటి లెక్క సరిపోయింది, నా ప్రోగ్రాం లెక్క తప్పింది. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. దయచేసి ఎవరైనా నాకు అర్థమయ్యేలా చెప్పండి.


జవాబు: రాత్రి షిఫ్టు

నమస్తే అండీ. పద్దులు = [] అనే లైన్ క్లాస్ పైభాగంలో ఉంది కదా, దాన్ని అక్కడ తీసేసి __ఇనిట్__ అనే ఫంక్షన్ లోపల పెట్టండి:

    డెఫ్ __ఇనిట్__(సెల్ఫ్, నంబరు):
        సెల్ఫ్.నంబరు = నంబరు
        సెల్ఫ్.పద్దులు = []
        సెల్ఫ్.మొత్తం = 0

తర్వాత రైతు14 = రైతు(14) అని పిలవండి. సరిపోతుంది. పైథాన్ మొదలుపెట్టిన వాళ్ళలో చాలామందికి ఇది తగులుతుంది, కంగారు పడకండి.


మళ్ళీ: పాలకేంద్రం లెక్కలు

చాలా థాంక్స్ అండీ. మీరు చెప్పినట్టు మార్చాను, 280, 104 విడివిడిగా వచ్చాయి. కానీ నాకు ధైర్యం చాలడం లేదు. సెల్ఫ్ పెట్టినప్పుడు కూడా ఇలాగే ఎర్రర్ పోయింది కదా అని ఊరుకున్నాను, లోపల తప్పు అలాగే ఉంది. ఇవి జనం డబ్బులు. ఎందుకు సరిపోయిందో తెలియకుండా వాడాలంటే భయంగా ఉంది.


జవాబు: ల్యాబ్ మేడమ్

అమ్మా, నీ భయం మంచిదే. పందొమ్మిదేళ్ళు పాలిటెక్నిక్ ల్యాబుల్లో పిల్లలకి ఇదే పాఠం చెప్పాను. ఎర్రర్ పోయాక కూడా "ఎందుకు పోయింది మేడమ్" అని అడిగిన వాళ్ళు చాలా తక్కువ. కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదువు. నీ పాలకేంద్రంలోంచే చెబుతాను.

మీ కేంద్రంలో ఫ్యాట్ మిషన్ ఎన్ని ఉన్నాయి? ఒకటే ఉండి ఉంటుంది. పాలు పోసే వాళ్ళు ఎంతమంది? అరవై మందో, డెబ్భై మందో. ప్రతి రైతుకీ ఒక పుస్తకం ఉంది కానీ ప్రతి రైతుకీ ఒక మిషన్ లేదు. మెంబర్ ఫంక్షన్, అంటే క్లాస్ లోపల రాసిన ఫంక్షన్, ఆ మిషన్ లాంటిది. నువ్వు రైతు14, రైతు27 అని ఇద్దరిని తయారుచేసినప్పుడు జమ అనే ఫంక్షన్ రెండుసార్లు తయారవదు. అది క్లాస్ దగ్గర ఒక్కటే ఉంటుంది. అందరూ దాన్నే వాడుకుంటారు. రైతు14 లాంటి ఆబ్జెక్ట్ అంటే రైతు పుస్తకం అనుకో. అందులో ఉండేది ఆ రైతు వివరాలే.

మరి మిషన్ ఒక్కటే అయినప్పుడు, ఈ పాలు ఎవరి పుస్తకంలో రాయాలో ఎలా తెలుస్తుంది? క్యాను ముందుకి రాగానే మీ నాన్నగారు ఏం అడుగుతారు? "నంబరెంత?" అంటారు. 14 అని చెప్పాక నువ్వు 14వ పుస్తకం తెరుస్తావు. ఆ తెరిచిన పుస్తకమే సెల్ఫ్. ఇప్పుడు ఎవరి వంతు నడుస్తోందో వాళ్ళన్నమాట.

నీ మూడో ఆర్గ్యుమెంట్ అదే. నువ్వు రైతు14.జమ(5, 7.0) అని రాసినప్పుడు, చుక్కకి ఎడమవైపు ఉన్న రైతు14ని పైథానే తీసుకెళ్ళి మొదటి ఆర్గ్యుమెంటుగా పెడుతుంది. నా మాట మీద నమ్మొద్దు, ఇప్పుడే ఇలా రాసి చూడు:

రైతు.జమ(రైతు14, 5, 7.0)

ఈసారి చుక్కకి ఎడమవైపు క్లాస్ పేరు ఉంది, రైతు14ని నువ్వే బ్రాకెట్లలో పెట్టావు. ఫలితం అచ్చంగా అదే వస్తుంది. ఈ రెండో పద్ధతిలో రోజూ రాయనక్కర్లేదు కానీ, ఒక్కసారైనా నీ చేత్తో రాసి చూసుకుంటే "మూడోది ఎవరిచ్చారు" అన్న ప్రశ్న మళ్ళీ రాదు. నేను ల్యాబులో మొదటి రోజే ఇది రాయించేదాన్ని.

ఇంకో విషయం. సెల్ఫ్ అనేది పైథాన్ కీవర్డ్ కాదు. మొదటి స్థానంలో ఏ పేరు పెట్టినా పనిచేస్తుంది. పైథాన్ 3 వచ్చినప్పటి నుంచి, అంటే 2008 నుంచి, పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. నువ్వు ఆల్రెడీ పెట్టుకున్నావు కూడా. కాబట్టి సెల్ఫ్ బదులు తను అని రాసి చూడు: తను.పద్దులు, తను.మొత్తం. ఒక్క రోజు అలా చదువుకుంటే అర్థం దానంతటదే ఒంటబడుతుంది. తర్వాత మళ్ళీ సెల్ఫ్‌కే మార్చెయ్యి, ఎందుకంటే లోకమంతా ఆ పేరే వాడుతుంది, రేపు నీ కోడ్ ఇంకొకరు చదవాలి.

ఇక అసలు తప్పు సంగతి. క్లాస్ పైభాగంలో, ఏ ఫంక్షన్‌లోనూ కాకుండా పద్దులు = [] అని రాశావు. అది ఏ రైతు పుస్తకంలోనూ లేదు. కేంద్రం గోడకి ఒక అట్ట వేలాడదీసి, అందరి పాలూ దాని మీదే రాసినట్టు అయింది. సెల్ఫ్.పద్దులు అని అడిగినప్పుడు పైథాన్ ముందు ఆ రైతు పుస్తకంలో పద్దులు అనే పేరు ఉందా అని వెతుకుతుంది. లేదు. అప్పుడు గోడ వైపు, అంటే క్లాస్ వైపు చూస్తుంది. అక్కడ ఉంది. దాన్నే చేతికిస్తుంది. నువ్వు దానికి అపెండ్ చేశావు. 14 వంతు వచ్చినప్పుడూ అదే అట్ట, 27 వంతు వచ్చినప్పుడూ అదే అట్ట. అందుకే 280, 104 కలిసి ఇద్దరికీ 384.

మరి లీటర్ల మొత్తం ఎందుకు సరిగ్గా వచ్చింది? నువ్వు అడిగిన వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. ఈ లైన్‌ని నెమ్మదిగా చదువు:

సెల్ఫ్.మొత్తం = సెల్ఫ్.మొత్తం + లీటర్లు

ముందు కుడివైపు జరుగుతుంది. సెల్ఫ్.మొత్తం కావాలి. రైతు పుస్తకంలో లేదు, గోడ మీద 0 ఉంది. 0 + 5 = 5. ఇప్పుడు ఎడమవైపు. సెల్ఫ్.మొత్తం = అని రాశావు. చదవడానికైతే గోడ వైపు చూస్తుంది కానీ, రాయాల్సి వచ్చినప్పుడు పైథాన్ గోడ మీద రాయదు, ఆ రైతు పుస్తకంలోనే రాస్తుంది. అంటే ఆ క్షణంలో 14వ పుస్తకంలో మొత్తం అనే కొత్త గీత పడింది. గోడ మీది 0 అలాగే ఉండిపోయింది. 27 వచ్చినప్పుడు మళ్ళీ ఆ 0తోనే మొదలైంది. అలా అనుకోకుండా సరిపోయింది.

పద్దుల లైన్‌లో ఈ సమానం గుర్తు లేదు. అపెండ్ అంటే ఉన్న జాబితాలోనే ఇంకోటి చేర్చడం. కొత్తగా రాయమని నువ్వు చెప్పలేదు, కాబట్టి పుస్తకంలో కొత్త గీత పడలేదు. పక్కపక్క లైన్లే అయినా ఒకటి సరిపోయి ఒకటి తప్పడానికి కారణం ఇంతే. ఒకదాంట్లో పేరుకి కొత్త విలువ పెట్టావు, ఇంకోదాంట్లో ఉన్న వస్తువునే మార్చావు.

నువ్వు లీటర్లు మాత్రమే సరిచూసుకుని ఉంటే ప్రోగ్రాం బాగుందనుకుని అరవై మందికీ కాగితాలు పంచేదానివి. ఆ పెద్దమ్మకి నా నమస్కారం చెప్పు.

__ఇనిట్__ అనేది కూడా మెంబర్ ఫంక్షనే. కొత్త రైతు చేరినప్పుడు కొత్త పుస్తకానికి అట్ట వేసి, పైన నంబరు రాసి, మొదటి పేజీ గీతలు కొట్టి ఇస్తావు కదా, ఆ పని దానిది. రైతు(14) అని పిలవగానే దానంతటదే నడుస్తుంది. దాని లోపల సెల్ఫ్.పద్దులు = [] అన్నప్పుడు ప్రతి రైతుకీ వేరే ఖాళీ జాబితా తయారవుతుంది.

ఒకటి మాత్రం ముందే చెప్పి ఉంచుతాను. రైతు14.బిల్లు() అని రాయాల్సిన చోట బ్రాకెట్లు మర్చిపోయి రైతు14.బిల్లు అని ప్రింట్ చేస్తే డబ్బు రాదు, బౌండ్ మెథడ్ అంటూ ఏదో పొడుగాటి వాక్యం వస్తుంది. భయపడకు. రైతు14కి జతకట్టిన ఫంక్షన్ ఇదిగో అని చూపిస్తోంది, దాన్ని నడపమని నువ్వు ఇంకా చెప్పలేదు. బౌండ్ అంటే కట్టినది. ఎవరితో కట్టింది? ఆ చుక్కకి ఎడమవైపు ఉన్న వాళ్ళతో. సెల్ఫ్ ఎక్కడి నుంచి వస్తుందో పైథాన్ తన నోటితో తనే చెప్పే చోటు అది.


జవాబు: మీటర్ కోడ్

మేడమ్ గారు చెప్పాక పైథాన్ గురించి నేను కలపాల్సింది లేదు. నేను కరెంటు మీటర్ల లోపల నడిచే ప్రోగ్రాములు సీ ప్లస్ ప్లస్ అనే భాషలో రాస్తాను. అక్కడి సంగతి కొంచెం చెబితే చెల్లికి ఉపయోగపడుతుందనిపించింది.

సీ ప్లస్ ప్లస్‌లో మెంబర్ ఫంక్షన్ రాసేటప్పుడు సెల్ఫ్ లాంటిది రాయక్కర్లేదు. దాని పేరు దిస్, అది దాక్కుని ఉంటుంది. మన తెలుగులో "వచ్చాను" అంటే చాలు, నేను అని విడిగా అనక్కర్లేదు, క్రియ చివరే అది ఉంది. "వచ్చావు" అంటే నువ్వు అని తెలిసిపోతుంది. సీ ప్లస్ ప్లస్ పద్ధతి అలాంటిది. పైథాన్ మాత్రం ప్రతిసారీ "నేను వచ్చాను" అని పూర్తిగా అనమంటుంది. రెండింట్లోనూ కర్త ఉన్నాడు. ఒకచోట పైకి కనిపిస్తాడు, ఇంకోచోట కనిపించడు, అంతే తేడా.

ఈ దాక్కున్న కర్త సంగతి చరిత్రలో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. క్లాస్ అనే ఆలోచన నార్వేలో, ఆస్లోలోని కంప్యూటింగ్ కేంద్రంలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ తయారుచేసిన సిమ్యులా 67 అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి వచ్చింది. బ్యార్న్ స్ట్రూస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో దాన్ని సీ భాషకి జోడించడం మొదలుపెట్టారు. 1983లో దానికి సీ ప్లస్ ప్లస్ అని పేరు వచ్చింది. ఆయన రాసిన సీఫ్రంట్ అనే కంపైలర్ సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని మామూలు సీ కోడ్‌గా మార్చేది. సీలో క్లాసులే లేవు కదా. మరి మెంబర్ ఫంక్షన్‌ని ఎలా మార్చింది? మామూలు ఫంక్షన్‌గా రాసి, ముందు ఇంకో పారామీటర్ (ఇచ్చిన విలువని అందుకునే పేరు) చేర్చింది. అందులో ఆ ఆబ్జెక్ట్ అడ్రస్ వెళ్తుంది. మేడమ్ గారు రైతు.జమ(రైతు14, 5, 7.0) అని రాసి చూడమన్నది దాదాపు ఇదే.

మా మీటర్లలో మెమరీ చాలా తక్కువ. కొత్తగా చేరిన వాళ్ళు ఫంక్షన్లు ఎక్కువ రాస్తే ప్రతి ఆబ్జెక్టూ బరువెక్కిపోతుందని భయపడతారు. మామూలు 32 బిట్ల చిప్ మీద రెండు పూర్ణాంకాలున్న క్లాస్ ఆబ్జెక్ట్ 8 బైట్లు ఉంటుంది. దానికి పది మెంబర్ ఫంక్షన్లు రాసినా 8 బైట్లే. మిషన్ కేంద్రంలో ఉంది కాబట్టి పుస్తకం లావెక్కదు. వర్చువల్ ఫంక్షన్ ఒక్కటి పెడితే మాత్రం సాధారణంగా ఒక పాయింటర్ చేరుతుంది, 12 అవుతుంది. ఆ సంగతి నీకిప్పుడు అవసరం లేదు, ఎప్పుడైనా సీ ప్లస్ ప్లస్ వైపు వస్తే చూద్దువు గాని.

నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో రీడింగ్ అనే మెంబర్ (ఆబ్జెక్ట్ దాచుకునే విలువ) ఉన్న క్లాస్‌కి, దాన్ని మార్చే ఫంక్షన్ రాశాను. పారామీటర్‌కి కూడా రీడింగ్ అనే పేరే పెట్టాను. లోపల ఒకే లైన్: రీడింగ్ = రీడింగ్. కంపైల్ అయింది, నడిచింది, మీటర్ మీద మాత్రం పాత అంకె కదల్లేదు. రాత్రంతా సెన్సార్ వైర్లు విప్పి బిగించాను. తెల్లారి ఒక సీనియర్ అన్న స్క్రీన్ వైపు ఒక్కసారి చూసి, ఎడమవైపు దిస్ పెట్టరా అన్నాడు. రెండు పేర్లూ పారామీటర్‌నే సూచిస్తున్నాయి, అంటే దాన్ని దానిలోకే వేసుకుంటున్నాను, ఆబ్జెక్ట్‌ని ముట్టుకోనే లేదు. దాక్కున్న కర్తని అవసరమైనప్పుడు పైకి పిలవాలని ఆ రోజు తెలిసింది. పైథాన్‌లో సెల్ఫ్ రాయడం విసుగనిపించినా ఈ తప్పు అంత సులువుగా జరగదు. సెల్ఫ్.రీడింగ్ ఆబ్జెక్ట్‌ది, ఒట్టి రీడింగ్ పారామీటర్‌ది, చూడగానే తెలిసిపోతుంది.


మళ్ళీ: పాలకేంద్రం లెక్కలు

మేడమ్ గారూ, రైతు.జమ(రైతు14, 5, 7.0) అని రాసి చూశాను. అదే వచ్చింది! సెల్ఫ్ బదులు తను పెట్టి మొత్తం ప్రోగ్రాం ఒకసారి పైకి చదువుకున్నాను, అమ్మ పక్కనే ఉండి వింది. "తను పద్దుల్లో చేర్చు, తన మొత్తానికి కలుపు" అంటుంటే అమ్మకి కూడా అర్థమైంది. అన్నయ్య గారూ, వచ్చాను అన్న మాట ఇక జన్మలో మర్చిపోను.

ఇంకో రెండు సందేహాలు. నా బిల్లు ఫంక్షన్‌లో 8 అని రేటు నేరుగా రాశాను. రేటు అందరికీ ఒకటే, అప్పుడప్పుడూ మారుతుంది. దాన్ని గోడ మీద పెట్టవచ్చా, లేక ప్రతి పుస్తకంలోనూ రాయాలా? రెండోది, నాన్న పోయిన వారం తొందరలో 7.2 బదులు 72 కొట్టారు. అది చూసుకోలేదు. ఇలాంటివి ఎక్కడ ఆపాలి?


జవాబు: ల్యాబ్ మేడమ్

రేటు గోడ మీద ఉండాల్సిందే అమ్మా. మీ కేంద్రంలో కూడా రేటు బోర్డు గోడకే ఉంటుంది కదా. క్లాస్ పైభాగంలో రేటు = 8 అని రాసి, ఫంక్షన్ లోపల సెల్ఫ్.రేటు అని చదువు. మార్చాల్సి వస్తే రైతు.రేటు = 9 అని క్లాస్ పేరుతో మార్చు, అందరికీ మారుతుంది. పొరపాటున రైతు14.రేటు = 9 అని రాశావో, ఇందాక చెప్పిన కథే. అది 14వ పుస్తకంలో కొత్త గీతగా పడుతుంది, మిగతా అందరికీ 8 అలాగే ఉంటుంది. పైథాన్ ఏ ఎర్రరూ ఇవ్వదు.

కానీ దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. బిల్లు ఫంక్షన్ పదో రోజు నడుస్తుంది. రేటు ఆరో రోజు మారిందనుకో. పదో రోజు గోడ మీద ఉన్న 9 తీసుకుని మొదటి ఐదు రోజుల పాలకి కూడా 9 కట్టేస్తుంది. రేటు తగ్గిన నెలలో అయితే రైతులు నష్టపోతారు. అందుకని రేటుని బిల్లు వేసేటప్పుడు కాకుండా, పాలు పోసినప్పుడే పద్దులో రాసుకో:

        సెల్ఫ్.పద్దులు.అపెండ్((లీటర్లు, ఫ్యాట్, సెల్ఫ్.రేటు))

బిల్లు ఫంక్షన్ ఆ పద్దులో ఉన్న రేటునే వాడాలి. ఏ రోజు పాలకి ఆ రోజు రేటు. ఇది పైథాన్ పాఠం కాదు, లెక్కల పాఠం. బీకాం చదివావు కాబట్టి నాకంటే నీకే బాగా తెలియాలి.

72 సంగతికి వద్దాం. పాలు ఖాతాలోకి వెళ్ళే దారి జమ ఒక్కటే కావాలి. ఇంకెక్కడి నుంచీ రైతు14.పద్దులు.అపెండ్ అని నేరుగా రాయకు. పైథాన్ నిన్ను ఆపదు, అయినా రాయకు. దారి ఒక్కటే ఉంటే కాపలా కూడా ఒక్కచోటే పెట్టుకోవచ్చు. జమ మొదటి లైన్లలోనే ఫ్యాట్ 2 కంటే తక్కువైనా 12 కంటే ఎక్కువైనా తీసుకోకుండా వాల్యూ ఎర్రర్ (విలువ తప్పని చెప్పే ఎర్రర్) లేపు. గేదె పాలకీ ఆవు పాలకీ ఆ హద్దుల్లో సరిపోతుంది, మీ దగ్గర పడే అంకెలు చూసుకుని ఇంకా దగ్గరకి బిగించుకో. లీటర్లు సున్నా లేదా అంతకంటే తక్కువ ఉంటే కూడా అంతే. ఈ పరీక్షలన్నీ పద్దులో చేర్చే లైన్‌కి ముందే ఉండాలి, సగం రాసి ఆగిపోకూడదు.

అసలు ఫంక్షన్‌ని బయట విడిగా రాయకుండా క్లాస్ లోపల ఎందుకు రాయాలి అని నా పిల్లలు అడిగేవాళ్ళు. చక్కగా సర్దినట్టు కనిపించడానికి అని చాలామంది చెబుతారు. నేను ఆ మాట ఒప్పుకోను. డేటాని మార్చే హక్కు ఎవరికుందో వాళ్ళు డేటా పక్కనే ఉండాలి, తప్పు జరిగితే వెతకడానికి ఒక్కచోటే వెళ్ళాలి. నీ దగ్గర 72 పడితే వెతకాల్సింది జమ ఒక్కటే. అరవై చోట్ల అపెండ్ రాసి ఉంటే ఎక్కడని వెతుకుతావు?

లీటర్లు, ఫ్యాట్ ఇస్తే డబ్బు చెప్పే నీ పాత ఫంక్షన్ ఉంది కదా, దానికి రేటు కూడా చేర్చి, దాన్ని మాత్రం బయటే ఉండనివ్వు. దానికి ఎవరి పుస్తకంతోనూ పని లేదు, ఇచ్చిన మూడు అంకెలతోనే సరిపోతుంది. సెల్ఫ్ అవసరం లేని ఫంక్షన్‌ని బలవంతంగా క్లాస్‌లోకి లాగక్కర్లేదు. బిల్లు లోపలి నుంచి దాన్ని పిలుచుకో.


జవాబు: రాత్రి షిఫ్టు

మేడమ్, నేను మూడేళ్ళుగా ఉద్యోగంలో పైథాన్ రాస్తున్నాను. లీటర్ల మొత్తం కట్టే ఆ లైన్ ఎందుకు సరిపోయిందో మీరు చెప్పేదాకా నాకూ తెలియదు. __ఇనిట్__లో పెట్టాలి అని అలవాటుగా పెడుతున్నాను, అంతే. మా ప్రాజెక్టులో వెతికితే క్లాస్ పైభాగంలో ఖాళీ డిక్షనరీ (పేరుకి విలువ జతచేసి దాచుకునేది) ఒకటి దొరికింది. అది ఎవరెవరు పంచుకుంటున్నారో ఇప్పుడు కూర్చుని చూస్తున్నాను.


మళ్ళీ: పాలకేంద్రం లెక్కలు

మేడమ్ గారూ, అన్నయ్య గారూ, రాత్రి షిఫ్టు గారూ, అందరికీ చేతులెత్తి నమస్కారం.

నిన్న రాత్రి పోయిన పది రోజుల పద్దులు మూడు పుస్తకాలవి ఎక్కించి, చేత్తో వేసిన బిల్లులతో పోల్చాను. 14, 27 రూపాయితో సహా సరిపోయాయి. 31వ నంబరు దగ్గర వంద రూపాయలు తేడా వచ్చింది. ప్రోగ్రాం 1,946 చూపిస్తోంది, నా పుస్తకంలో 1,846 ఉంది. మళ్ళీ గోడ మీద ఏదైనా పెట్టానేమోనని కోడ్ అంతా చూశాను. ఏమీ దొరక్క ఒక్కో పూటా కాలిక్యులేటర్ మీద వేసుకుంటూ వచ్చాను. ఏడో రోజు సాయంత్రం దగ్గర కూడికలో నేనే వంద తప్పు వేశాను. అక్కడ ప్రోగ్రామే కరెక్టు.

నాన్నకి చూపించాను. పుస్తకంలో ఆ కూడిక మీద ఎర్ర ఇంకుతో గీత కొట్టి, రేపు పొద్దున పాల పూటలోనే ఆ వంద వాళ్ళకి ఇచ్చేస్తానన్నారు. ఫ్యాట్ హద్దులు 4 నుంచి 10 దాకా పెట్టాను, మా దగ్గర అందరివీ గేదెలే. 72 కొట్టి చూశాను, తీసుకోలేదు. ఇప్పుడు మిగతా పుస్తకాలు ఎక్కిస్తున్నాను, ఇంకా యాభై ఎనిమిది ఉన్నాయి.